నీటి మీద తొమ్మిదో ముద్ర

మార్గశిర శుద్ధ దశమి నాడు, పగలు మూడో జాము మొదట్లో, పడవశ్రేణి వారి కొత్తకొట్టులోకి ఒక మనిషి వెళ్లాడు. నాలుగో జాము మొదలైన కాసేపటికి ఆ కొట్టులోంచి ఇద్దరు బయటపడ్డారు. కొట్టు కట్టి అరవై ఏళ్లయింది. అంతవరకు అందులోంచి బయటికి వచ్చినవాళ్లు లేరు.

వెళ్లినవాడి పేరు కొమ్మన. కంకణ రాజ్యంలో, పెనువాక నదికి పడమటి గట్టున ఉన్న సింహరేవు పట్నం అతనిది. తాళ్లు పేనడం వృత్తి. అతని అక్క పేరమ నాలుగు నెలల కిందట ఒక కప్పీ చేసింది. మామూలు కప్పీ ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. పేరమ కప్పీకి పళ్లు ఉన్నాయి, పళ్ల మధ్య పడే నాలుక ఉంది. అది ముందుకే తిరుగుతుంది, వెనక్కి జారదు. నదికి అడ్డంగా తాడు కట్టి, తాడుకు ఈ కప్పీ తగిలించి, కింద బుట్ట వేలాడదీస్తే, అందులో కూర్చున్న మనిషి తనను తానే లాక్కుంటూ అవతలి గట్టుకు చేరవచ్చు. పడవ అక్కర్లేదు.

పడవశ్రేణి వారు సంతోషిస్తారనుకుని పేరమ దాన్ని వాళ్ల దగ్గరికే తీసుకువెళ్లింది. వాళ్లు సంతోషించారు. మెడలో దండ వేసి, మేళతాళాలతో కొత్తకొట్టులోకి తీసుకుపోయారు. ఆమె తిరిగి రాలేదు.

పెనువాక మీద పడవలు నడిపే వ్యాపారుల సంఘమే పడవశ్రేణి. మూడు వందల పడవలు, పదకొండు రేవులు, రెండు గట్లూ వాళ్లవి. ‘పెనువాక నీటి మీద దాటేదంతా శ్రేణిది’ అని రాజుగారి ముత్తాత రాగిరేకు మీద రాసి ఇచ్చాడు. శ్రేణికి కొత్త వస్తువులంటే భయం లేదు. రాజ్యంలో ఎవరు ఏ కొత్త వస్తువు చేసినా అడిగినదానికి రెట్టింపు ఇచ్చి కొన్నది. కొత్తది పరాయి చేతిలో ఉండకూడదన్నది శ్రేణి నియమం. తన చేతిలో ఉన్నదాన్ని వాడాలన్న నియమం లేదు.

కొన్నవన్నీ కొత్తకొట్టులో ఉన్నాయి. చేసినవాళ్లు కూడా అక్కడే ఉన్నారు.

*

కొట్టు నది ఒడ్డున కొండ అంచు మీద ఉంది. దానికి ఒకటే తలుపు. తలుపు మీద ఒక కంచు చిలుక. శ్రేణి కొలువులో ఉన్న మాంత్రికుడు ఉగ్రసిద్ధుడు పదేళ్ల కిందట దాన్ని చేసి పెట్టాడు. వచ్చినవాడు ఏదైనా కొత్తది చూపిస్తే తలుపు లోపలికి తెరుచుకుంటుంది. చూపించినది ఇప్పటికే కొట్టులో ఉన్నదైతే వచ్చినవాడి కాళ్ల కింద రాతిపలక వాలుతుంది. పలక కింద నదిలోకి సొరంగం. సొరంగంలో మొసళ్లు. లోపలినుంచి మాత్రం ఆ తలుపు ఎవరికీ తెరుచుకోదు.

కొమ్మన ముసలివాడి వేషంలో వచ్చాడు. జనపనారతో గడ్డం పేని పెట్టుకున్నాడు. కావలివాళ్లు అతన్ని తాపీగా చూసి, దూరదేశపు పనివాడనుకుని, పలక మీదికి పంపి తాము వెనక్కి జరిగారు.

చిలుక ఏం తెచ్చావని అడిగింది. కొమ్మన నడుముకున్న తాడు తీసి ఒక ముడి వేసి చూపించాడు. ఒక కొసను లాగితే బిగిసి, రెండో కొసను లాగితే వదులయ్యే ముడి అది. వాళ్ల నాన్న నేర్పినది.

చిలుక కళ్లు రెండుసార్లు తిరిగాయి.

“నాలుగు వందల పద్నాలుగో అర. ఇది ఉంది.”

పలక వాలింది. కొమ్మన జారుతూ తలుపు కడియాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. కాళ్లు గాలిలో ఉన్నాయి. కింద నీళ్లు కదిలాయి. కుడిచేతిలో తాడు ఇంకా ఉంది. ఒక కొస పళ్ల మధ్య పెట్టి, రెండో కొసను మణికట్టు చుట్టూ తిప్పి, మొదటి ముడిలోంచి ఇంకో మెలిక తీశాడు. నాన్న నేర్పింది కాదది. అతనూ అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. రెండు కొసల్లో దేన్ని లాగినా బిగుస్తుంది. నడుమ ఉన్న మెలికను వేలితో నొక్కితే తప్ప వదలదు.

చిలుక కళ్లు ఏడుసార్లు తిరిగాయి. ఎనిమిదోసారి ఆగిపోయాయి.

“లేదు” అంది. తలుపు తెరుచుకుంది. కడియానికి వేలాడుతున్న కొమ్మన తలుపుతో పాటే లోపలికి వచ్చి నేల మీద పడ్డాడు. వెనక తలుపు మూసుకుంది.

*

లోపల పన్నెండు వందల పన్నెండు అరలు ఉన్నాయి. వానలో ఆరని దీపం ఉంది. కాళ్లతో తొక్కితే నడిచే పడవ ఉంది. గాలికి తిరిగే తిరగలి ఉంది. చెవిటివాళ్లు పళ్లతో పట్టుకుని పాట వినే వెదురు గొట్టం ఉంది. నదిలో ఇసుక ఎక్కడ మేట వేసిందో ముందే చెప్పే తూకపు గుండు ఉంది. ఒక్కోదానికి తాటాకు చీటీ కట్టారు. చీటీ మీద చేసినవారి పేరు, కొన్న సంవత్సరం, ఆ కింద ఒకే మాట: ‘వాడలేదు.’

అరల మధ్య ఆరుగురు మనుషులు కనిపించారు. వాళ్లలో పేరమ ఒకతె. ఆమె ముసలివాడిని చూసి, దగ్గరికి వచ్చి, గడ్డాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది.

“ఎడమకు మెలితిప్పి ఎడమపేట పేనావేమిట్రా? నాన్న చూస్తే ఊరుకుంటాడా?”

“తొందరలో పేనానక్కా.”

“తిన్నావా?”

తినలేదన్నాడు. ఆమె ఉట్టి మీది కుండ దించి పెట్టింది. అతను తింటుండగా జరిగింది చెప్పింది. కప్పీ తయారైంది, పనిచేస్తుంది. దాన్ని రేవులో కట్టి చూద్దామని నాలుగు నెలల్లో పదకొండుసార్లు అర్జీ పెట్టుకుంది. శ్రేణిలో ఏ పని జరగాలన్నా తొమ్మిది మంది పెద్దల ముద్రలు పడాలి. ఒక్కో ముద్ర పడగానే పెద్దల మంటపంలో గంట మోగుతుంది. ఆమె అర్జీకి ఎప్పుడూ నాలుగో గంట దాటలేదు. ఉగ్రసిద్ధుడి సంగతీ అంతేనట. పన్నెండేళ్లలో అతనివి మూడు మంత్రాలకే తొమ్మిదీ పడ్డాయి. ముద్రలు లేనిదే మంత్రం పారకుండా కొలువులో చేరిన నాడే అతని చేత ప్రమాణం చేయించుకున్నారు.

ఊరికే కూర్చోకుండా పేరమ ఆ నాలుగు నెలలూ ఒక తాడు పేనింది. ఏడు వందలవ అరలో పట్టు తెరచాప ఉంది. దాన్ని పోగులు పోగులుగా విప్పి పేనింది. పొడవు నూటపది బారలు. కొట్టు దగ్గర నది వెడల్పు తొంభై. మూడు వందలవ అరలో విసురువిల్లు ఉంది. ఇనుప కొక్కేన్ని నది దాటించగలదని దాన్ని చేసినవాడు నలభై ఏళ్ల కిందట చెప్పాడు. ఎవరూ దాన్ని వేసి చూడలేదు. విల్లు వంచడానికి ఇద్దరు కావాలి. మిగతా ఐదుగురికీ ఆ బలం లేదు.

“నువ్వొస్తావని తెలుసు. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు” అంది.

తలుపుకు మంత్రం ఉంది కాని కప్పుకు లేదు. కప్పు కిటికీ కింద ఇరవై బారల లోతున నది ఉంది కాబట్టి, అటువైపు ఎవరూ ఆలోచించలేదు.

మిగతావాళ్లను కూడా రమ్మని కొమ్మన అడిగాడు. వానదీపం చేసిన పుల్లయ్య తాతకు డెబ్భై ఆరేళ్లు. బుట్టలో ముందు మీరు వెళ్లండి, అది నిలిస్తే చూద్దాం అన్నాడు. ఇక్కడ వేళకు అన్నం పెడుతున్నారని కూడా అన్నాడు.

*

నాలుగో జాము మొదలైన కాసేపటికి విసురువిల్లు మోగింది. కొక్కెం నదిని దాటి తూర్పు కొండ చరియలో రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. విల్లు చేసినవాడు చెప్పింది నిజమే.

తాడు రెండో కొసను కప్పు దూలానికి కట్టి, కప్పీ తగిలించి, అన్నపు గంపను బుట్టగా వేలాడదీసి ఇద్దరూ కూర్చున్నారు. బుట్ట జారింది. నది మీద ఉన్న పడవల్లో తెడ్లు ఆగిపోయాయి. సరంగులు తలలెత్తి చూశారు.

తాడు వదులుగా ఉంది. నది నడుమకు వచ్చేసరికి ఇద్దరి బరువుకు అది విల్లులా వంగింది. బుట్ట నీటికి బారెడు ఎత్తులోకి దిగింది. మామూలు కప్పీ అయితే అక్కడే ఆగిపోయేది. పేరమ పైతాడు పట్టి లాగింది. నాలుక పన్ను మీద పడింది. బుట్ట జానెడు పైకి జరిగి, అక్కడే నిలిచింది. మళ్లీ లాగింది. మళ్లీ జానెడు.

నీళ్లు పగిలాయి. మొసలి నోరు బుట్ట అంచు దాకా వచ్చింది. కొమ్మన మొహం వెనక్కి లాక్కున్నాడు. గడ్డం మొసలి నోట్లో ఉండిపోయింది.

“ఎడమపేట కాబట్టి ఊడింది” అంది పేరమ, లాగుతూనే.

అప్పుడే పడమటి గట్టున మొదటి గంట మోగింది. పేరమ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తూర్పు చరియ మీద కాలు పెట్టేసరికి రెండోది మోగింది. కొట్టులో మిగిలినవాళ్లకు కూడా పనికొస్తుందని కొమ్మన కొక్కెం దగ్గర తాడును లాగి బిగించి, బండరాయి చుట్టూ తిప్పి, చిలుక ఎరగని ముడి వేశాడు. ఇప్పుడు తాడు నడుమ నీటికి పది బారల ఎత్తున నిలిచింది.

*

శ్రేణిపెద్ద మాచమాంబ ఆ సమయంలో పెద్దరేవులో ఉంది. ఆమెకు యాభై రెండేళ్లు. ఆ పదవిలోకి వచ్చి రెండేళ్లయింది. గాలిలో బుట్టను చూడగానే, తాడు తెంచమని ఉత్తరువు రాయించింది. ముద్రకాపు దామన దాన్ని తీసుకుని పెద్దల మంటపానికి వెళ్లాడు. తాడును బూడిద చేసే మంత్రం సిద్ధం చేసుకుని ఉగ్రసిద్ధుడు బురుజు మీద నిలబడ్డాడు. ముద్రలు పడేదాకా అతనికి పని లేదు.

బుట్ట వంపులోంచి పైకి ఎక్కడం చూశాక మాచమాంబ పడవ సిద్ధం చేయమంది. శ్రేణిపెద్ద నది మీదికి వెళ్లేటప్పుడు తన ముద్ర వెంట తీసుకువెళ్లకూడదు. ఒకప్పుడు ముద్రతో సహా ఒక పడవ మునిగితే, ఏడు నెలలు శ్రేణిలో ఒక్క ఉత్తరువూ కదలలేదు. అప్పటినుంచి శ్రేణిపెద్ద నీటి మీద ఉన్నంతసేపు ఆ ముద్ర వేసే అధికారం ముద్రకాపుది. గట్టున ఎర్రజెండా ఎగురుతుంది. శ్రేణిపెద్ద ఏ గట్టున దిగినా తెల్లజెండా లేస్తుంది, అధికారం తిరిగి వస్తుంది. ఆమె దాటుతున్నంతసేపూ ఎర్రజెండా ఎగిరింది. అప్పటికి మూడు ముద్రలే పడ్డాయి. శ్రేణిపెద్ద ముద్ర ఎప్పుడూ ఆఖరిది.

తూర్పు గట్టున దిగి, ఇద్దరు జెండావాళ్లతో, సరంగు ఓదయ్యతో ఆమె చరియ ఎక్కింది. తెల్లజెండా లేచింది. కొమ్మన చేతిలో రాయి ఉంది. ఆమె అతన్ని చూడలేదు. కప్పీ దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

“పళ్లెన్ని?”

“పదహారు” అంది పేరమ.

“పన్నెండు చాలవా?”

“జారుతుందమ్మా. చేసి చూశాను.”

“నాలుగు నెలలు నా కొట్లో ఉన్నావు. ఇది పనిచేస్తుందని నాకెవరూ చెప్పలేదు.”

“చెప్పాలన్నా తొమ్మిది ముద్రలు కావాలన్నారు.”

ఓదయ్య తల తిప్పుకుని నవ్వాడు.

కొమ్మన తమ దారిన తమను పోనివ్వమన్నాడు. కప్పీ అక్కది, తాడు అక్క పేనింది. మాచమాంబ కాదనలేదు. మరి తాడు రెండు కొసలూ ఎవరి గట్ల మీద ఉన్నాయని అడిగింది. దాటేవాళ్లు ఎక్కేదీ దిగేదీ ఎవరి రేవుల్లో, సరుకు దించే పాకలు ఎవరివి, దాటడానికి వచ్చి నిలబడే జనం ఎవరికి అలవాటైనవాళ్లు అని అడిగింది. మంచి వస్తువు ఎవరైనా చేయవచ్చుననీ, గట్టు ఉన్నవాళ్లే దాన్ని నడపగలరనీ చెప్పింది. ఈ సంగతి పెద్దలకు రెండేళ్లుగా చెబుతోంది. వాళ్లు కొని దాచడం ఒక్కటే నేర్చారు.

కొమ్మనకు ఒక్క మాట మిగిలింది.

“రాగిరేకులో నీటి మీద అని ఉందమ్మా. పడవ నీటి మీద పోతుంది. బుట్ట నీటిని తాకదు. గాలిలో పోతుంది. అది మీది కాదు.”

మాచమాంబ అతన్ని మొదటిసారి చూసింది.

“కొమ్మ మీద పిట్ట ఉంది. అది కొమ్మను తాకింది, సరే. నెత్తి మీద సూర్యుడున్నాడంటావు. నీ నెత్తిని తాకాడా?”

కొమ్మన తలెత్తి సూర్యుడి వైపు చూశాడు.

“మీద అంటే మీదే. తాకినా, తాకకపోయినా.”

రాగిరేకు మాటకు శ్రేణిపెద్ద చెప్పిన అర్థం, ముద్రలు లేకుండానే, ఆ క్షణం నుంచే చట్టం. ఆమె జెండావాళ్లకు చెప్పింది. వాళ్లు జెండాలతో ఆ అర్థాన్ని పడమటి గట్టుకు పంపారు: నీటి పైన గాలిలో ఉన్నదీ నీటి మీద ఉన్నట్టే. అందిందని దామన జవాబు పంపాడు. ఆ లోపల ఐదో గంట, ఆరో గంట మోగాయి.

“మాట మీరు గెలిచారు. కప్పీ ఎవరు చేస్తారు?” అంది పేరమ. “పన్ను కోసే వాలు నా చేతిలో ఉంది. నమూనా చూసి కొట్లో ఉన్న పనివాళ్లే నాలుగు చేశారు. నాలుగూ జారాయి.”

“ఏం కావాలి నీకు?”

పేరమ చెప్పింది. కొత్తకొట్టు తలుపు తీసేయాలి. చిలుకను కరిగించాలి. లోపల ఉన్నవాళ్లు వెళ్తామంటే వెళ్లనివ్వాలి. అరల్లో ఉన్నవాటిని బయటికి తీసి వాడాలి, వాడకపోతే చేసినవాళ్లకు తిరిగి ఇవ్వాలి. అది జరిగితే తాడు శ్రేణి పేరు మీదే నడుస్తుంది, తను నడుపుతుంది.

మాచమాంబ నది వైపు చూస్తూ విన్నది.

“అరలో ఉన్నదానికి నేను కూడు పెడుతున్నాను. రేవులో ఉంటే అది నాకు కూడు పెడుతుంది. ఒప్పుకున్నాను.”

“మాట కాదమ్మా, ముద్ర కావాలి.”

ఏడో గంట మోగింది. కొమ్మన అది దేనికని అడిగాడు. తాడు తెంచడానికని ఆమె దాచకుండా చెప్పింది. కంగారు పడవద్దంది. తొమ్మిదో ముద్ర తనది. అవతలికి వెళ్లాక ఆ ఉత్తరువు చింపేసి, పేరమ అడిగినదానికి ముద్ర వేస్తుంది.

ఓదయ్య పడవ సిద్ధంగా ఉందని చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. శ్రేణిలో ఆచారం ఉంది. కొత్త పడవ దిగితే, దాని మొదటి ప్రయాణం శ్రేణిపెద్ద చేయాలి, చేసినవాళ్లు పక్కన కూర్చోవాలి. దాన్ని తొలి ఎక్కు అంటారు. బుట్ట నీటి మీదే పోతోంది కాబట్టి దానికీ తొలి ఎక్కు ఉంది.

“నేను పడవలో పోయి ముద్ర వేస్తే మిగతా ఎనిమిది మందీ నవ్వుతారు, ఓదయ్యా. ఇందులో పోతే నోరు మూసుకుంటారు.”

“నా నలభై ఏళ్ల పడవ కన్నా ఈ అన్నం గంప నమ్మకమైందా అమ్మా?”

“నీకూ ఒక గంప ఇస్తాలే.”

బుట్టలో ఇద్దరికే చోటు ఉంది. కొమ్మన ముడి దగ్గర ఉండిపోయాడు. పేరమ కప్పీని పడమటి వైపుకు తిప్పి తగిలించి, బుట్టలో కూర్చుని, వెళ్లొస్తానని తమ్ముడితో అంది. కొట్టులో కుండలో అన్నం ఇంకా మిగిలి ఉందని, చీకటి పడకముందే వచ్చేయమని చెప్పింది.

సూర్యుడు పడమటి కొండను తాకుతుండగా బుట్ట తూర్పు గట్టును వదిలింది. ఎనిమిదో గంట మోగింది. మాచమాంబ తనే పైతాడు అందుకుని లాగింది. నాలుక పన్ను మీద పడే చప్పుడు గట్టు దాకా వినిపించింది. పడవల్లో సరంగులు నిలబడి చూశారు. ఎవరో కేక వేసి ఆమెకు జేజేలు పలికారు.

బుట్ట గట్టు దాటి నీటి పైకి వచ్చింది. పడమటి గట్టున తెల్లజెండా దిగింది. ఎర్రజెండా లేచింది.

అదేమిటని కొమ్మన అడిగాడు. ఓదయ్య చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని మంటపం వైపు చూశాడు. మంటపం మెట్ల మీద దామన కనిపించాడు. ఒక చేతిలో ఉత్తరువు ఉంది. రెండో చేతిలో ముద్ర ఉంది. ముప్పై ఏళ్ల కొలువులో దామన రాసినదానికి ఒక అక్షరం అటూ ఇటూ చేయలేదని ఓదయ్య చెప్పాడు.

“అమ్మ ఇప్పుడు నీటి మీద ఉంది నాయనా.”

కొమ్మన జెండావాళ్ల వైపు తిరిగాడు. వాళ్లు అప్పటికే ఆపమని జెండాలు ఊపుతున్నారు. శ్రేణిపెద్ద నీటి మీద ఉండగా తూర్పు గట్టు జెండాకు జవాబు ఇవ్వకూడదన్నది నియమం. దామన జవాబు ఇవ్వలేదు. బుట్టలో మాచమాంబ లేచి నిలబడి చేయి పైకెత్తింది. ఆ దూరానికి అది పలకరింపో, వద్దనడమో తెలియలేదు. పేరమ ఆమెను పక్కకు నెట్టి తాడు అందుకుంది. రెండు చేతులతో లాగడం మొదలుపెట్టింది.

బురుజు మీద ఉగ్రసిద్ధుడు మంటపం వైపు తిరిగి నిలబడ్డాడు. కొమ్మన వేలు ముడి నడుమ ఉన్న మెలిక మీద ఉంది. నొక్కితే తాడు మళ్లీ వదులై బుట్ట నీటి దగ్గరికి దిగుతుంది; నీటిలో మొసళ్లున్నాయి.

సూర్యబింబం సగం దిగాక తొమ్మిదో గంట మోగింది. అప్పటికి బుట్ట పెనువాకకు సరిగ్గా నడుమ, నీటికి పది బారల ఎత్తున ఉంది.